చేత్తో నొప్పి తగ్గించే ఆస్టియోపతి: తరచుగా అడిగే ప్రశ్నలు

నడుం పట్టేసిందనో, మెడ తిరగడం లేదనో, చెయ్యి పైకి లేవడం లేదనో మా దగ్గరికి వచ్చేవాళ్ళు బల్ల మీద పడుకునేలోపే అడిగే ప్రశ్నలివి. నేను ఫిజియోథెరపిస్టుని. డిగ్రీ అయ్యాక ఆస్టియోపతి పద్ధతులు విడిగా నేర్చుకున్నాను. రోజూ ఒక్కొక్కరికి చెప్పే జవాబులు ఒకచోట ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించవచ్చని రాస్తున్నాను.

ఆస్టియోపతి అంటే మసాజేనా?

కాదు. మసాజ్‌లాంటి పని అందులో కొంత ఉంటుంది, అంతే. మసాజ్ చేసేవాళ్ళు నొప్పి ఉన్నచోట కండ పిసికి వదులు చేస్తారు. ఆస్టియోపతిలో ఏ కీలు ఎటువైపు కదలడం లేదు, ఏ కండ బిగిసింది, అది ఎందుకు బిగిసింది అని ముందు చేత్తో వెతుకుతాం. నొప్పి ఒకచోట ఉంటే దాని కారణం ఇంకోచోట ఉండొచ్చు. కుట్టు మిషన్ మీద పనిచేసే ఒకావిడ మెడనొప్పి అని వచ్చింది. మెడ మీద ఎన్నిసార్లు చేయి వేసినా రెండు రోజులే తేలిక. ఒకరోజు కుర్చీలో కూర్చుని మిషన్ తొక్కుతున్నట్టు చూపించమన్నాను. వీపు పైభాగం చెక్కలా బిగుసుకుని ఉంది, అది వంగకపోవడంతో వంగాల్సినదంతా మెడే వంగుతోంది. ఆ వీపు మీద పని చేయడం, కూర్చునే పీట కాస్త ఎత్తు పెంచడం, ఈ రెండిటితో మెడ కుదురుకుంది.

ఇది ఎక్కడ పుట్టింది? ఆయుర్వేదమా?

ఆయుర్వేదం కాదు. అమెరికాలో పుట్టింది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టర్ 1864లో మెదడు పొరల జ్వరం వల్ల తన పిల్లల్ని పోగొట్టుకున్నాడు. అప్పటి మందులు ఎవర్నీ కాపాడలేకపోయాయన్న బాధతో వేరే దారి వెతికాడు. 1874లో తన పద్ధతిని ప్రకటించాడు, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. మొదటి బ్యాచ్‌లోనే ఆడవాళ్ళకి కూడా సీట్లు ఇచ్చాడు. అంతకుముందు ఊరూరా తిరుగుతూ ఎముకలు సరిచేసేవాడిగా పేరు తెచ్చుకున్నాడు. మన పుత్తూరు కట్టు వైద్యుల్లాంటివాళ్ళు ప్రతి దేశంలోనూ ఉండేవాళ్ళన్నమాట. స్టిల్ చెప్పినవన్నీ ఇవాళ నిలబడవు. చేత్తో జబ్బులన్నీ నయం చేయవచ్చన్న ఆయన నమ్మకాన్ని నేను నమ్మను. కండలు, కీళ్ళ నొప్పుల దగ్గర మాత్రం ఆయన వేసిన దారి ఇప్పటికీ పనికొస్తోంది.

మొదటిసారి వస్తే ఏం చేస్తారు?

మొదటి 15, 20 నిమిషాలు మాటలే. నొప్పి ఎప్పుడు మొదలైంది, దేనితో పెరుగుతోంది, రాత్రి నిద్రలోంచి లేపుతోందా, ఈమధ్య జ్వరం గానీ బరువు తగ్గడం గానీ ఉందా, సుగర్, బీపీ, వాడే మందులు, పాత ఆపరేషన్లు, ఎప్పుడైనా బండి మీంచి పడ్డారా అని అడుగుతాం. తర్వాత నిలబెట్టి వంగమంటాం, తిరగమంటాం, నడవమంటాం. అవసరమైతే మోకాలి దగ్గర సుత్తితో తట్టి, కాలి బొటనవేలు పైకి లేపమని బలం చూస్తాం. ఆ తర్వాతే బల్ల ఎక్కమంటాం.

మన దగ్గర "ఆయన హస్తవాసి మంచిది" అంటారు కదా. ఇన్నేళ్ళలో నేను చూసిన మంచి హస్తవాసి ఉన్నవాళ్ళందరికీ ఒకే అలవాటు ఉంది, చేయి వేసేముందు చాలాసేపు వింటారు. ఏమీ అడక్కుండా నేరుగా మెడ పట్టుకునేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

బట్టలు వదులుగా ఉంటే చాలు, చుడీదార్ గానీ నైట్ ప్యాంటు గానీ. ఆడవాళ్ళు తోడు తెచ్చుకోవచ్చు, ఆ తోడు గదిలోనే కూర్చోవచ్చు. ఎక్కడ చేయి వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో ముందు చెప్పి, మీరు సరేనన్నాకే వేయాలి. "వద్దు" అని మధ్యలో చెప్పే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది.

అసలు చేతులతో ఏం చేస్తారు? కొంచెం వివరంగా చెప్పండి.

పద్ధతులు చాలా ఉన్నాయి. ఎక్కువగా వాడేవి చెబుతాను.

అన్నిటికన్నా మామూలుది కండని అడ్డంగా నెట్టి, సాగదీసి, నిదానంగా వదులు చేయడం. దాంతోపాటే కీలుని అది కదలగలిగినంత మేర ఊయల ఊపినట్టు పదేపదే కదుపుతాం. పెద్దవాళ్ళకి, భయపడేవాళ్ళకి చాలావరకు ఇంతే చేస్తాం, ఇంతే సరిపోతుంది.

నాకు ఎక్కువ ఇష్టమైనది మజిల్ ఎనర్జీ టెక్నిక్. ఫ్రెడ్ మిచెల్ అనే అమెరికన్ ఆస్టియోపతి డాక్టర్ దీన్ని ఒక పద్ధతిగా తీర్చాడు. ఉదాహరణకి మీ మెడ ఎడమకి తిరగడం లేదు. మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి తలని రెండు చేతుల్లోకి తీసుకుంటాను. నొప్పి లేకుండా ఎంతవరకు తిరుగుతుందో అంతవరకే ఎడమకి తిప్పి అక్కడ ఆపుతాను. కుడి చెంప పక్కన నా అరచెయ్యి ఆనించి, "ఇప్పుడు కుడికి తిప్పబోండి, చిటికెన వేలితో తలుపు నెట్టినంత బలం చాలు" అంటాను. మీరు నెడతారు, నా చెయ్యి కదలనివ్వదు. 5 సెకన్లు. "వదిలేయండి, ఊపిరి వదలండి." ఆ ఊపిరి బయటికి పోయేటప్పుడు వేళ్ళ కింద కండ కరగడం నాకు స్పష్టంగా తెలుస్తుంది. తల తనంతట తానే ఇంకొంచెం ఎడమకి జారుతుంది. ఇలా మూడు నుంచి ఐదుసార్లు. ఇందులో పని చేసేది మీ కండే, నేను అడ్డం పెడతానంతే. అందుకే దీంతో ప్రమాదం తక్కువ, ఇంటికి వెళ్ళి మీరే చేసుకోవడం కూడా తేలిక.

ఇంకొకటి కౌంటర్‌స్ట్రెయిన్. దీని వెనక ఒక కథ ఉంది. 1955లో లారెన్స్ జోన్స్ అనే అమెరికన్ ఆస్టియోపతి డాక్టర్ దగ్గరికి నడుం వంగిపోయిన మనిషి ఒకాయన వచ్చాడు. నొప్పితో నిద్ర లేదు. ఎన్నిసార్లు చేయి వేసినా తగ్గలేదు. కనీసం నిద్ర పట్టే భంగిమైనా దొరుకుతుందేమోనని ఆయన్ని ఎటెటో తిప్పి పడుకోబెట్టి, హాయిగా ఉందన్న చోట అలాగే వదిలేశాడు. కొంతసేపటికి లేస్తే మనిషి నిటారుగా నిలబడ్డాడు. ఆ పద్ధతినే ఇప్పుడు మేమిలా చేస్తాం: భుజం మీద ముట్టుకుంటే చురుక్కుమనే బిందువు పట్టుకుని, "ఈ నొప్పి పది అనుకోండి" అంటాం. వేలు అక్కడే ఉంచి తలని, చేతిని మెల్లగా కదుపుతూ పోతాం. "ఆరు... నాలుగు... ఇప్పుడు రెండు" అని మీరు అన్నచోట ఆగి, 90 సెకన్లు కదలకుండా పట్టుకుంటాం. తర్వాత చాలా నిదానంగా మామూలు భంగిమలోకి తెస్తాం. నొప్పి వైపు లాగకుండా, హాయి వైపు తీసుకెళ్ళే పద్ధతి ఇది. ఒళ్ళు ముట్టుకోనివ్వనంత నొప్పిలో ఉన్నవాళ్ళకి ఇదే మొదలు పెడతాను.

ఇక అందరికీ తెలిసింది "టక్" మనిపించే థ్రస్ట్. కీలుని ఒక హద్దు దాకా తీసుకెళ్ళి, చాలా చిన్నదూరం, చాలా వేగంగా ఒక్క కుదుపు. వీడియోల్లో చూసి ఇదే ఆస్టియోపతి అనుకుంటారు. నేను పది మందిలో ఒకరిద్దరికి చేస్తాను, అదీ నడుముకి, వీపుకి.

ఆ "టక్" అంటే ఎముక స్థానంలోకి వచ్చినట్టా?

కాదు. కీలు లోపల నూనెలాంటి ద్రవం ఉంటుంది. ఎముకల మధ్య ఖాళీ ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ ద్రవంలో వాయువు బుడగ ఏర్పడుతుంది, ఆ శబ్దమే అది. వేలు మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. అందుకే ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్ళీ విరగదు, 20 నిమిషాల దాకా ఆగాలి. శబ్దం వస్తేనే పని జరిగినట్టు కాదు, రాకపోతే జరగనట్టూ కాదు.

మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందని అమ్మమ్మలు తిడతారు కదా. డోనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టర్ 50 ఏళ్ళపాటు ఎడమచేతి మెటికలు మాత్రమే రోజూ విరుచుకుని, కుడిచేతిని వదిలేసి చూశాడు. రెండు చేతుల్లో దేనికీ కీళ్ళవాతం రాలేదు.

"నరం మీద నరం ఎక్కింది", "వెన్నుపూస పక్కకి జరిగింది" అంటారు. నిజమేనా?

నరం మీద నరం ఎక్కదు. యాక్సిడెంటులో తప్ప వెన్నుపూస అంత తేలిగ్గా జరగదు, జరిగితే దాన్ని వేలితో నొక్కి వెనక్కి పెట్టడం ఎవరివల్లా కాదు. ఎక్కువసార్లు జరిగేది ఇది: ఒక కీలు గానీ, దాని చుట్టూ ఉన్న కండ గానీ కాస్త దెబ్బతింటుంది, దాన్ని కాపాడటానికి చుట్టుపక్కల కండలన్నీ గట్టిగా బిగుసుకుంటాయి. చేయి వేసి కదిపినప్పుడు "ఇక్కడ ప్రమాదం లేదు" అన్న సంకేతం నరాల వ్యవస్థకి వెళ్తుంది, బిగువు తగ్గుతుంది, కదలిక పెరుగుతుంది. ఇది చెప్పడం ఎందుకంటే, "నా వెన్నుపూస జరిగిపోయింది" అనుకున్న మనిషి వంగడానికి, బిందె ఎత్తడానికి ఏళ్ళతరబడి భయపడతాడు. నొప్పి కంటే ఆ భయమే ఎక్కువ నష్టం చేయడం నేను చూశాను.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుం పట్టు పోతుందంటారు?

మా ఇంట్లోనూ అలా తన్నించుకున్నవాళ్ళున్నారు. కండ పట్టు మామూలుగానే మూడు రోజుల నుంచి వారంలో వదులుతుంది, ఆ మధ్యలో తన్నించుకుంటే పేరు దానికి వస్తుంది. పుట్టుకకీ దానికీ సంబంధం లేదు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళకి అది నిజంగా ప్రమాదం, చేయించకండి.

కటింగ్ షాపులో మెడ విరిపించుకోవచ్చా?

వద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

మెడలో వెన్నుపూసల గుండా రెండు రక్తనాళాలు మెదడుకి వెళ్తాయి. తలని ఒక్కసారిగా మెలితిప్పితే అరుదుగా ఆ నాళం లోపలి పొర చీలుతుంది, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరితే పక్షవాతం వస్తుంది. అరుదే, కానీ వస్తే జీవితం మారిపోతుంది. శిక్షణ ఉన్నవాళ్ళ చేతిలో కూడా ఈ ప్రమాదం సున్నా కాదు. అందుకే మెడకి థ్రస్ట్ నేను చేయను. మజిల్ ఎనర్జీతో, మెల్లగా కదపడంతో దాదాపు అంతే ఫలితం వస్తున్నప్పుడు ఆ రిస్కు ఎందుకు?

మెడ తిప్పించుకున్నాక గానీ, దెబ్బ తగిలాక గానీ ఇంతకుముందు ఎప్పుడూ లేనంత తలనొప్పి లేదా మెడనొప్పి, కళ్ళు తిరగడం, ఒకటి రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ముఖం మొద్దుబారడం ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంకా ఎవరు చేయించుకోకూడదు?

ఎముకలు గుల్లబారినవాళ్ళు, చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళు, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు థ్రస్ట్ జోలికి పోకూడదు. వాళ్ళకి మెత్తని పద్ధతులు కూడా డాక్టర్‌తో మాట్లాడాకే. విరిగిన ఎముక, ఎర్రగా వాచి వేడిగా ఉన్న కీలు ఉంటే ఎవరూ చేయి వేయకూడదు.

నడుంనొప్పితో పాటు మూత్రం రాకపోవడం లేదా ఆపుకోలేకపోవడం, కూర్చునే భాగం మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలం తగ్గడం ఉంటే అది ఎమర్జెన్సీ. ఆలస్యమైతే ఆ నరాలు మళ్ళీ కోలుకోకపోవచ్చు.

మన దేశంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి: వెన్నుపూసకి టీబీ. ఒకసారి 30 ఏళ్ళ అబ్బాయి వీపునొప్పి అని వచ్చాడు. అంతకుముందు రెండుచోట్ల మసాజ్, ఒకచోట "సర్దుబాటు" చేయించుకున్నాడు. సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతోందా అని అడిగితే, "అవును మేడమ్, ప్యాంట్లు కూడా లూజు అవుతున్నాయి" అన్నాడు. అతని వీపు మీద నేను చేయి వేయలేదు, చీటీ రాసి ఎముకల డాక్టర్ దగ్గరికి పంపాను. టీబీ అని తేలింది. మందులు వాడాడు, బాగున్నాడు. అడగకుండా ఆ వెన్ను మీద ఎవరైనా ఒక్క కుదుపు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ గుండె దడగా ఉంటుంది.

ఎడమ భుజం, దవడ నొప్పితో పాటు చెమట, ఆయాసం ఉంటే భుజం సంగతి తర్వాత, ముందు ఈసీజీ.

ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చింది. చేయించుకోవచ్చా?

రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. వెన్నుపూసల మధ్య మెత్తని దిండులా ఉండే డిస్క్ కాస్త ఉబ్బడమే బల్జ్. నొప్పి లేనివాళ్ళకి స్కానింగ్ చేసినా బల్జ్‌లు కనపడతాయి. 2015లో వచ్చిన ఒక పరిశోధన సమీక్ష ప్రకారం ఏ నొప్పీ లేని 20 ఏళ్ళవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. జుట్టు నెరిసినట్టే ఇదీ. నేను చూసేది కాలు: నొప్పి పిక్క దాటి పాదం దాకా లాగుతోందా, తిమ్మిరి ఉందా, మడమల మీద నడవగలరా. పాదం బలం తగ్గుతుంటే చేతి పని ఆపి సర్జన్‌కి చూపించమంటాను. లేకపోతే కౌంటర్‌స్ట్రెయిన్‌లాంటి మెత్తని పద్ధతులు, నడక. సయాటికా, అంటే నడుం నుంచి కాల్లోకి లాగే నరం నొప్పి, చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

సుగర్ ఉంది, భుజం పట్టేసింది. జడ వేసుకోలేకపోతున్నాను.

దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. సుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. వెనక హుక్ పెట్టుకోలేకపోవడం, బస్సులో పైకమ్మీ పట్టుకోలేకపోవడం, రాత్రి ఆ పక్కకి పడుకోలేకపోవడం, ఇవీ మొదట చెప్పేవి. దీనికి ఆస్టియోపతిలో స్పెన్సర్ టెక్నిక్ అని ఏడు దశల పద్ధతి ఉంది. నొప్పి లేని పక్కకి పడుకోబెట్టి, ఒక చేత్తో భుజం రెక్కని కదలకుండా పట్టుకుంటాం. రెండో చేత్తో చేతిని వెనక్కి, ముందుకి, మోచెయ్యి మడిచి చిన్న గుండ్రాలుగా, చెయ్యి చాపి పెద్ద గుండ్రాలుగా, పక్కకి, వీపు వెనక్కి తీసుకెళ్ళి, చివర్న కీలుని మెల్లగా లాగి వదులుతాం. గుండ్రం మొదట రూపాయి బిళ్ళంత, తర్వాత గాజంత, తర్వాత పళ్ళెమంత.

ఒక నిజం చెప్పాలి. ఈ జబ్బు తగ్గడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. నాలుగు సిట్టింగుల్లో వదిలిస్తానని చెప్పేవాళ్ళని నమ్మకండి. బలవంతంగా లాగితే వాపు పెరిగి ఇంకా బిగుస్తుంది. సుగర్ అదుపులో పెట్టుకోవడం కూడా ఈ వైద్యంలో భాగమే.

పరిశోధనలు ఏమంటున్నాయి? నిజంగా పనిచేస్తుందా?

నడుంనొప్పికి కొంత పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుంనొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహన వంటివాటితో పాటు చేత్తో చేసే వెన్ను చికిత్సని, మసాజ్‌ని కూడా చేర్చింది. ఏ జబ్బుకి ఏ వైద్యం చేయాలో సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో ఒక షరతు పెట్టింది: చేతి చికిత్స ఒక్కటే వద్దు, వ్యాయామంతో కలిపితేనే. ఫ్రాన్సులో 400 మంది మీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో ఆస్టియోపతి చేయించుకున్నవాళ్ళకి, ఉత్తుత్తి చేయి వేయించుకున్నవాళ్ళకి మధ్య తేడా కనపడింది కానీ అది చాలా చిన్నది.

నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. చేయి వేసిన తర్వాత వచ్చే తేలిక కొన్ని గంటలో కొన్ని రోజులో ఉంటుంది. ఆ సమయంలో మీరు నడిస్తే, వంగితే, బరువు ఎత్తడం మళ్ళీ మొదలుపెడితే లాభం నిలుస్తుంది. పడుకుంటే పోతుంది. అందుకే మా దగ్గర చివరి పది నిమిషాలు బల్ల మీద కాదు, నేల మీద నిలబడి వ్యాయామం.

తలని ఊరికే పట్టుకుని చేసే క్రేనియల్ పద్ధతి?

దాని వెనక చెప్పే సిద్ధాంతానికి నాకు నమ్మదగిన ఆధారం కనపడలేదు. నేను చేయను.

చేయించుకున్నాక నొప్పి పెరిగింది. తప్పు జరిగిందా?

జిమ్‌కి మొదటిరోజు వెళ్ళినట్టు ఒకటి రెండు రోజులు ఒళ్ళునొప్పి మామూలే. వేడి కాపడం పెట్టుకుని కాస్త నడవండి. మూడోరోజుకీ తగ్గకపోయినా, కొత్తగా తిమ్మిరి, బలం తగ్గడం వచ్చినా ఫోన్ చేయాలి.

ఎన్నిసార్లు రావాలి?

మూడు నాలుగుసార్లలో ఏ మార్పూ లేకపోతే నేనే వద్దంటాను, వేరే కారణం వెతకాలి. 20 సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టమంటే కట్టకండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అక్కడ డి.ఓ. అని బోర్డు చూశాను.

అమెరికాలో డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అంటే పూర్తిస్థాయి డాక్టర్. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, ఎం.డి.తో సమానం. వాళ్ళలో చేతి చికిత్స చేసేవాళ్ళు కొందరే, కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగమనండి. బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ ఆస్టియోపత్ మెడికల్ డాక్టర్ కాదు, కానీ 1993 చట్టం కింద రిజిస్టర్ అయినవాళ్ళు తప్ప ఎవరూ ఆ పేరు పెట్టుకోకూడదు.

మన దగ్గర ఆస్టియోపతికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అందుకే బోర్డు చూసి కాదు, చదువు చూసి వెళ్ళండి. ఫిజియోథెరపీ డిగ్రీ ఉందా, ఆ పైన ఈ పద్ధతులు ఎక్కడ, ఎన్నాళ్ళు నేర్చుకున్నారు అని అడగండి. వైద్య నేపథ్యం లేనివాళ్ళకి ఆస్టియోపతి నేర్పాలంటే 4,200 గంటల శిక్షణ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. శని ఆదివారాల కోర్సు దానికి సాటిరాదు. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళ దగ్గర చేయించుకోకండి.

ఇంట్లో చేసుకోదగ్గది ఏదైనా చెప్పండి.

తొడ వెనక కండలు బిగిసి నడుం లాగుతున్నవాళ్ళకి ఇది. వెల్లకిలా పడుకుని ఒక పాదానికి పొడవాటి తువ్వాలు వేసి, రెండు చివరలూ పట్టుకోండి. మోకాలు దాదాపు నిటారుగా ఉంచి కాలు పైకి లేపండి, తొడ వెనక కొంచెం లాగినట్టు అనిపించగానే ఆగండి. ఇప్పుడు మడమతో తువ్వాలుని కిందికి నెట్టండి, మెల్లగా, 5 సెకన్లు. వదిలి, ఊపిరి వదిలి, ఇంకొంచెం పైకి. నాలుగుసార్లు, రెండు కాళ్ళకీ. పాదంలోకి కరెంటు కొట్టినట్టు లాగితే ఆపేయండి, అది కండ కాదు, నరం.

మా అమ్మకి 74 ఏళ్ళు. మోకాళ్ళు అరిగాయన్నారు. చేయి వేయించవచ్చా?

మెత్తగా వేయించవచ్చు. మోకాటి చిప్పని నాలుగు వైపులా కదపడం, పిక్క వదులు చేయడం వల్ల మెట్లు దిగేటప్పుడు కాస్త తేలికగా ఉంటుంది. అయితే ఆవిడకి నా చేతికన్నా ఎక్కువ మేలు చేసేది తొడ బలం. చేతుల్లేని కుర్చీ గోడకి ఆనించి వేయండి. పక్కన మీరు నిలబడండి. ఛాతీ మీద చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. లేవలేకపోతే కుర్చీ మీద రెండు దుప్పట్లు మడిచి వేసి ఎత్తు పెంచండి. ఉదయం ఒకసారి, సాయంత్రం సీరియల్ మొదలయ్యేముందు ఒకసారి. వారం తర్వాత ఒక దుప్పటి తీసేయండి.